మా లంకకి మూడు దారులు

మొన్న మా షాపు యజమానిగారి అబ్బాయి గ్రీసు దేశంలో ఏదో దీవి చూసొచ్చాడు. వచ్చిన దగ్గర్నుంచీ తాడేపల్లిగూడెంలో ఎవరు దొరికితే వాళ్ళకి ఫోన్లో ఫోటోలు చూపిస్తూ ఒకటే వర్ణన. ఆ దీవికి వెళ్ళాలంటే విమానం ఉందట, పెద్ద ఓడ ఉందట, చిన్న ఓడ ఉందట. దిగాక తిరగడానికి బస్సు, అద్దె కారు, అద్దె స్కూటరు, కొండ ఎక్కడానికి గాడిద కూడా ఉందట. అన్నీ చెప్పి, నావైపు జాలిగా చూసి, "మీదీ దీవే కదా సూరిబాబు గారూ, కొల్లేటి మధ్యలో. మీ ఊరికి వెళ్ళాలంటే ఏమున్నాయండీ?" అని అడిగాడు.

గాడిద తప్ప అన్నీ ఉన్నాయి. అన్నీ ఉండటం వల్లే ఎనిమిదేళ్ళ కిందట నా పెళ్ళి తప్పిపోబోయింది. ఒకే రోజున, పట్టపగలు, మర్యాదస్తులైన ముగ్గురు చుట్టాలని మూడు దిక్కుల్లో పారేసుకున్న ఘనుణ్ణి నేను. అందులో ఒకావిడ వయసు డెబ్భై ఆరు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ రోజు మాత్రం నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. మా లంక పేరు ఇక్కడ రాయను. ఊళ్ళో వాళ్ళు ఈ కథ ఇప్పటికే చాలినంత మందికి చెప్పారు.

ముందు నాకున్న జబ్బు గురించి చెప్పాలి. నాకు "వద్దు" అనే మాట నోట్లోంచి రాదు. ఎవరేం అడిగినా "అలాగేనండీ" అంటాను. నలుగురి ఇళ్ళకి వెళితే నాలుగు కాఫీలు తాగుతాను. ఒకసారి క్షవరం చేస్తున్నాయన పరధ్యానంగా "మీసం తీసేద్దామాండీ?" అని అడిగితే, అలాగేనండీ అనేసి మూడు నెలలు మీసం లేకుండా తిరిగాను. చేపల చెరువుల మోటార్లు అమ్మే షాపులో ఉద్యోగం నాది. కొనేవాళ్ళకి నేనంటే ఎంత ఇష్టమో, యజమానికి అంత దిగులు.

ఇలాంటి నాకు కామవరపుకోట నుంచి సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు ఉమ. ఏలూరులో ఒక ల్యాబులో టెక్నీషియన్. చూడ్డానికి వెళ్ళినప్పుడు మేం మాట్లాడుకున్నవి నాలుగు మాటలు, అందులో మూడు ఆవిడవే. అయినా నాకు తెగ నచ్చేసింది. వాళ్ళ నాన్న వీర్రాజు గారు మెట్ట రైతు. మొక్కజొన్న, పామాయిలు. బోరులోంచి వచ్చే నీళ్ళు తప్ప ఇంకో నీళ్ళని నమ్మని మనిషి. ఆయనకి నామీద అభ్యంతరం లేదు, మా కుటుంబం మీద లేదు. కొల్లేటి మీదే.

"బాబూ, రేపు మా అమ్మాయికి ఒంట్లో బాగోకపోతే, ఆ నీళ్ళ మధ్య నుంచి ఏలూరు ఆసుపత్రికి ఎంతసేపట్లో తీసుకొస్తారండీ?" అని అడిగారాయన.

"గంటలోనండీ. మా లంకకి మూడు దారులున్నాయండీ," అన్నాను గర్వంగా.

"మంచిదండీ. ఒకసారి వచ్చి ఇల్లూ వాకిలీ చూసి వెళతాం లెండి," అన్నారు.

"అలాగేనండీ! ఈ ఆదివారమే రండి!" అన్నాను. వీర్రాజు గారు వాళ్ళావిడ వైపు చూసి, సరేనన్నారు.

ఇక నా హడావుడి చూడాలి. చుట్టాలు వస్తున్నారని గణపవరంలో మా పెదనాన్నకి చెప్పాను. ఆయనకి చేపల వ్యాపారం, సొంత వ్యాను.

"పెళ్ళివారిని ఏ బండిలోపడితే ఆ బండిలో తీసుకొస్తావేంట్రా? మన వ్యాను లేదూ?" అన్నారు పెదనాన్న.

"అలాగే పెదనాన్నా."

"ఆదివారం అంటున్నావు కదూ..."

"ఆదివారమే పెదనాన్నా. తొమ్మిదింటికల్లా ఏలూరు బస్టాండుకి వచ్చెయ్యండి."

తర్వాత మా అప్పారావు మావయ్య. కొల్లేట్లో ఆయనకి ఇంజను పడవ ఉంది. "కొల్లేరు చూడ్డానికి వచ్చి పడవెక్కకపోతే ఏం బాగుంటుందిరా? మన పడవ ఉంది కదా," అన్నాడు. "అలాగే మావయ్యా," అన్నాను. "ఇంజనే కొంచెం..." అని నసిగాడు. "మీరున్నాక ఇంజనుకేంటి మావయ్యా," అని ధైర్యం చెప్పాను.

ఆ తర్వాత ఏలూరులో మస్తాన్ బాబాయి. మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, కారు కిరాయికి తిప్పుతాడు. "నా కారు ఉండగా నీకు ఇంకో బండేంటి బాబూ?" అన్నాడు. మీరే చెప్పండి, అంత ప్రేమగా అడిగితే కాదనడం ఎలా? అలాగే బాబాయ్ అన్నాను.

చివరికి మా కాలవ మీద బల్లకట్టు నడిపే ఏడుకొండలు కనిపించాడు. మా లంకకి కారు రావాలంటే ఆ బల్లకట్టు మీదే రావాలి. చెక్కలు పరిచిన పెద్ద తెప్ప, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి తాడు. ఏడుకొండలు తాడు లాగితే కదులుతుంది, లాగకపోతే కదలదు. ఊరంతటికీ చెప్పి ఆయనకి చెప్పకపోతే ఏం బాగుంటుందని, "ఆదివారం టిఫినూ భోజనమూ మా ఇంట్లోనే. మీరు రాకపోతే ఊరుకోనండీ," అన్నాను.

ఆదివారం పొద్దున్న ఏలూరు కొత్త బస్టాండు దగ్గర దృశ్యం ఇది. కామవరపుకోట బస్సులోంచి వీర్రాజు గారు, ఆయన భార్య సత్యవతి గారు, ఆయన తల్లి మంగమ్మ గారు దిగారు. ముగ్గురంటే ముగ్గురు. వాళ్ళ కోసం ఫినాయిలుతో కడిగిన చేపల వ్యాను, పూలదండ వేసిన కారు, రేవుదాకా దింపడానికి మావయ్య మాట్లాడుకొచ్చిన ఆటో వరసగా నిలబడి ఉన్నాయి. నలుగురు పట్టే కారు ఒక్కటి చాలు. ఆ ముక్క పక్కనున్న బజ్జీల బండాయన కూడా చెప్పగలడు. నేను చెప్పలేకపోయాను.

"బావగారు ముందు సీట్లో కూర్చుంటారు, మా వ్యానులో," అన్నారు పెదనాన్న.

"ఏసీ వేసి ఉంచానండీ," అన్నాడు మస్తాన్ బాబాయి.

"పడవ రేవులో సిద్ధంగా ఉందండీ," అన్నాడు మావయ్య.

ముగ్గురూ నా మొహంలోకి చూశారు. ఎవరిని వద్దన్నా వాళ్ళు నొచ్చుకుంటారు. నా బుర్రలో మెరుపు మెరిసింది. ముగ్గురు చుట్టాలు, మూడు బళ్ళు, మనిషికొకటి! ఆ క్షణంలో నన్ను మించిన తెలివైనవాడు జిల్లాలో లేడనిపించింది. వీర్రాజు గారిని వ్యానులో ఎక్కించాను. సత్యవతి గారిని కారులో కూర్చోబెట్టాను. మంగమ్మ గారు మాత్రం ఎవరూ చెప్పకుండానే ఆటో ఎక్కేసి, "నేను పడవే ఎక్కుతాను. పుట్టి బుద్ధెరిగి ఇన్ని నీళ్ళు చూడలేదు," అన్నారు.

"మనమందరం కలిసి వెళితే బాగుంటుందేమో బాబూ," అని వీర్రాజు గారు వ్యాను కిటికీలోంచి సన్నగా అన్నారు.

"అందరం అక్కడే కలుస్తామండీ!" అన్నాను.

మరి నేనెందులో ఎక్కాను? ఏ బండి ఎక్కినా మిగతా ఇద్దరూ ఏమనుకుంటారోనని నా మోటార్ సైకిలు మీద బయల్దేరాను. అందరికంటే ముందు కాలవ దాటి పదింటికల్లా ఇంటికి చేరాను. అమ్మ గుమ్మంలో ఎదురుచూస్తోంది.

"ఏరిరా చుట్టాలు?"

"వస్తున్నారమ్మా. మూడు దారుల్లోనూ వస్తున్నారు."

పదిన్నరయింది. పదకొండయింది. ఎవరూ రాలేదు. మా ఇంటి ముందు వేసిన షామియానాలో కుర్చీలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఒక్క కుర్చీలో మాత్రం ఎవరో కూర్చుని రెండోసారి ఇడ్లీ పెట్టించుకుంటున్నారు. అప్పుడు నా ఫోను మోగింది. ఉమ.

"ఏవండీ, మా అమ్మ బల్లకట్టు దగ్గర గంట నుంచీ కారులో కూర్చుందట. మీ ఇంటి షామియానా కూడా కనిపిస్తోందట. బల్లకట్టేమో అవతలి ఒడ్డునుందట, నడిపే మనిషి లేడట. ఎక్కడికెళ్ళాడండీ ఆయన?"

నేను మెల్లగా కుర్చీ వైపు తిరిగాను. ఇడ్లీ తింటున్నది ఏడుకొండలే. పొద్దున్న నన్ను కాలవ దాటించి, బల్లకట్టు ఇవతలి ఒడ్డున కట్టేసి, నా బండి వెనక సీటు మీద కూర్చుని నాతోపాటే వచ్చాడు. ఒక మనిషిని ఎక్కించుకొచ్చానని నాకు తెలుసు. ఆ మనిషి లేకపోతే కారు రాదన్న ఆలోచనే రాలేదు.

"ఏడుకొండలు గారూ, మీరిక్కడున్నారేంటండీ!"

"మీరే పిలిచారు కదండీ. రాకపోతే బాగోదని వచ్చానండీ. చట్నీ బాగుందండీ."

ఆయన్ని చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోనివ్వకుండా బండెక్కించి కాలవ దగ్గర దింపాను. అంతలో ఉమ మళ్ళీ ఫోను.

"మా నాన్న చెరువు గట్టు మీద ఉన్నారట. దారిలో మీ పెదనాన్నగారికి చెరువులో చేపల పట్టుబడి మొదలైందని కబురొస్తే, ఐదు నిమిషాలే అని అటు తిప్పారట. ఇప్పుడు వ్యాను నిండా చేపలెక్కించారట. మా నాన్న ఎక్కడ కూర్చోవాలో తెలియక గొడుగేసుకుని నిలబడ్డారట."

చెరువు పట్టాక చేప ఆగదు. వలలోంచి తీసి ఐసులో వేసి మార్కెట్టుకి పంపాల్సిందే. ఆ తొందరలో పెదనాన్నకి సొంత తమ్ముడు ఎదురొచ్చినా కనిపించడు. ఇక కాబోయే వియ్యంకుడేం కనిపిస్తాడు?

"మరి మీ నాయనమ్మగారండీ?" అన్నాను భయం భయంగా.

"ఆ మాట నేను మిమ్మల్ని అడగాలండీ. ఆవిడకి ఫోను లేదు. మీ మావయ్యగారి ఫోను కలవట్లేదు. మూడు దారులున్నాయన్నారు కదా. మూడింట్లో ఒక్కటీ మీ ఊరికి రావట్లేదేంటండీ?"

ఏం జరిగిందో ఉన్నదున్నట్టు చెప్పేశాను. ముగ్గురూ బండి ఇస్తామన్నారనీ, ముగ్గురికీ అలాగేనన్నాననీ.

"మీకు వద్దనడం రాదా?"

"వచ్చండీ."

"ఎప్పుడైనా అన్నారా?"

"...ఇంకా అనలేదండీ."

"అయితే ఒకటి చెప్పండి. నన్ను చేసుకుంటానన్నది మీకిష్టమయ్యేనా? లేక పెద్దవాళ్ళు అడిగారని, మీసం తీసేసుకున్నట్టు, అలాగేనండీ అన్నారా?"

మీసం సంగతి కామవరపుకోట దాకా వెళ్ళిందని నాకప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాను. కానీ అంతకంటే ఎక్కువగా భయమేసింది. నా జీవితంలో నిజంగా మనసులోంచి వచ్చిన "అలాగే" అదొక్కటే, దాన్నే ఈవిడ నమ్మట్లేదు.

"ఇష్టమేనండీ. ఒట్టండీ."

"ఒట్లు వద్దండీ. ఏలూరుకి గంటలో తీసుకొస్తానని మా నాన్నతో అన్నారట కదా. సాయంత్రం మావాళ్ళని ముగ్గురినీ ఒకే బండిలో, గంటలో తీసుకొచ్చి బస్టాండులో దింపండి. మిగతా బళ్ళవాళ్ళకి వద్దని మీ నోటితోనే చెప్పండి. అప్పుడు నమ్ముతాను. నేను బస్టాండులోనే ఉంటాను." పెట్టేసింది.

పన్నెండింటికి సత్యవతి గారు వచ్చారు. ఒకటింటికి మేత బస్తాలు తోలే ట్రాక్టరు మీద, తెల్లచొక్కా నిండా చేప పొలుసులతో వీర్రాజు గారు వచ్చారు. చెరువుల మీదుగా మా లంకకొచ్చే ఆ గట్టు దారి ట్రాక్టరుకీ చేపల వ్యానుకీ తప్ప ఇంకో బండికి లొంగదు. ఆయన వెనకే, చేపలు మార్కెట్టుకి పంపించి, పెదనాన్న ఇంకో ట్రాక్టరు మీద వచ్చారు. మంగమ్మ గారు మాత్రం రాలేదు. వీర్రాజు గారు నీళ్ళవైపు చూస్తూ నిలబడిపోయారు. అన్నానికి లేవమంటే లేవలేదు. నేను రేవుకీ ఇంటికీ ఎన్నిసార్లు పరుగెత్తానో లెక్కలేదు. పెద్దావిడకి ఏమైనా అయితే పెళ్ళి సంగతి దేవుడెరుగు, నేను మనిషిగా మిగలను.

రెండింటికి దూరంగా పడవ కనిపించింది. ఇంజను చప్పుడు లేదు. నీళ్ళలో పెరిగే గుర్రపుడెక్క చుట్టుకుని పడవ కింది ఫ్యాను ఆగిపోతే, మావయ్య అంత దూరమూ గెడ వేసుకుంటూ వచ్చాడు. చొక్కా చెమటతో ముద్దయిపోయి, మాట రావట్లేదు. ఆయన ఎదురుగా మంగమ్మ గారు ఒడినిండా కలువపూలు పోసుకుని, మహారాణిలా కూర్చుని ఉన్నారు.

"అప్పుడే వచ్చేశామా?" అన్నారావిడ.

నేను అక్కడే గట్టు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చేశాను. ఆ ఊరటని మాటల్లో ఎలా చెప్పను? మావయ్య పాపం నన్ను ఓదార్చే ఓపిక కూడా లేక పడవలోనే పడుకున్నాడు.

భోజనాల దగ్గర వీర్రాజు గారు కొరమేను పులుసు కలుపుకుంటున్నారు. చివర్లో తల ఎత్తకుండానే అడిగారు.

"తొమ్మిదింటికి బస్సు దిగాం. ఇప్పుడు టైమెంత బాబూ?"

"రెండున్నరండీ."

"ఒంట్లో బాగున్నవాళ్ళకే ఇంతసేపు పట్టింది."

అనేసి, మజ్జిగ పోయించుకున్నారు.

మూడున్నరకి చుట్టాలు లేచారు. వాకిట్లో పెదనాన్న, మావయ్య, మస్తాన్ బాబాయి మళ్ళీ వరసగా నిలబడ్డారు. "వ్యాను ఖాళీ అయ్యి గణపవరంలో ఉందిరా, కబురు పెట్టనా?" అన్నారు పెదనాన్న. "ఫ్యాను బాగు చేస్తాన్రా," అన్నాడు మావయ్య నడుం పట్టుకుని. నా నాలుక అలవాటుగా "అలా..." దాకా వెళ్ళింది. బస్టాండులో ఉమ నిలబడి ఉంటుందని గుర్తొచ్చింది. కళ్ళు మూసుకున్నాను.

"వద్దు పెదనాన్నా."

అమ్మ తాంబూలం పళ్ళెం కింద పెట్టేసిన చప్పుడైంది. కళ్ళు తెరిచి చూస్తే పెదనాన్న గుండె మీద చెయ్యేసుకుని ఉన్నారు. నా మాటకి ఆయనకేదో అయిందని హడలిపోయాను.

"బతికించావురా నాయనా!" అన్నారాయన. "ఈ ఆదివారం చెరువు పట్టాలని నెల కిందటే అనుకున్నాం. నీకు మాటవరసకి వ్యాను ఉంది కదా అన్నాను. మీకెందుకు శ్రమ పెదనాన్నా అంటావనుకున్నా. నువ్వేమో పట్టుకు కూర్చున్నావు!"

"మావయ్యా, మీ పడవ కూడా వద్దు," అన్నాను, మంచి ఊపులో ఉండి.

"నీ కడుపు చల్లగుండ!" అన్నాడు మావయ్య. "ఇంజను పాడై రెండు నెలలైందిరా. నువ్వు అలాగేనన్నావని రాత్రింబవళ్ళు కూర్చుని బాగుచేయించాను. ఎక్కడైనా మొదటిసారి అడగ్గానే ఒప్పేసుకుంటారా మనుషులు?"

మస్తాన్ బాబాయి ఆశగా నావైపు చూశాడు. "మా చెల్లెలింట్లో పెళ్ళి, ఇవాళ వలీమా విందు ఉంది బాబూ. నన్ను కూడా వద్దంటావేమోనని..." "లేదు బాబాయ్, మీ కారే కావాలి," అన్నాను. ఆయన నిట్టూర్చి తాళాలు తీశాడు. ఏడుకొండల్ని ముందే బల్లకట్టు మీద నిలబెట్టి వచ్చాను, ఎవరు పిలిచినా కదలొద్దని చెప్పి.

అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు మంగమ్మ గారు చేతికర్ర నేలకేసి కొట్టి, "నేను పడవలోనే వస్తాను," అన్నారు.

వీర్రాజు గారు తల దించుకున్నారు. సత్యవతి గారు కారు వెనక్కి తప్పుకున్నారు. పొద్దున్నుంచీ చూస్తున్నాను, ఆ ఇంట్లో ఆవిడకి ఎదురు చెప్పే మనిషి లేడు. మావయ్య నావైపు చేతులు జోడించాడు.

"వద్దు మామ్మగారూ," అన్నాను. "మీరు కనిపించని ఆ మూడు గంటలు నా ప్రాణం నా దగ్గర లేదండీ. మళ్ళీ ఆ పని నేను చెయ్యలేను. కారెక్కండి."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూశారు. కారెక్కి, ముందు సీట్లో కూర్చున్నారు.

యాభై నిమిషాల్లో ఏలూరు బస్టాండులో ఉన్నాం. ఉమ ఎదురుగా నిలబడి ఉంది. కారులోంచి దిగుతున్నవాళ్ళని ఒకటీ రెండూ మూడూ అని వేలు చూపించి మరీ లెక్కపెట్టుకుంది.

"ఎవరెవరికి వద్దన్నారు?"

"పెదనాన్నకీ, మావయ్యకీ, మీ నాయనమ్మగారికీనండీ."

"నాయనమ్మకా!" అని నోటి మీద చెయ్యేసుకుంది. ఉమ మొదటిసారి నన్ను గౌరవంగా చూడటం అదే.

వీర్రాజు గారు నన్ను కొంచెం పక్కకి తీసుకెళ్ళారు. "బాబూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. మేం ఇల్లు చూడ్డానికి వస్తామన్నది కూడా మాటవరసకేనండీ. కొల్లేటి మధ్యలోకి పిల్లనివ్వలేనని మొహం మీద చెప్పలేక అలా అన్నాను. ఇప్పుడెందుకులెండి అంటారనుకున్నాను. మీరేమో ఈ ఆదివారమే రండి అనేశారు. ఇక రాకపోతే బాగోదని వచ్చాం."

నా కాళ్ళ కింద బస్టాండు కదిలిపోయింది. "అయితే... ఇప్పుడు కూడా ఇవ్వరాండీ?"

"ఎలా ఇవ్వకుండా ఉంటానండీ? గంటలోపే తీసుకొచ్చారు, అదొకటి. పైగా దారంతా మా అమ్మ ముహూర్తం ఎప్పుడు పెట్టిస్తావని నా ప్రాణం తీసింది." ఆయన వెనక్కి తిరిగి తల్లి వినడం లేదని రూఢి చేసుకున్నారు. "మీరైతే ఆవిడకి వద్దని చెప్పగలిగారు గానీ, యాభై ఐదేళ్ళ నుంచీ ప్రయత్నిస్తున్నా, నాకు చేతకాలేదండీ!"

అందువల్ల కొల్లేటి పెద్దింట్లమ్మ సాక్షిగా, బల్లకట్టు తాడు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరు బండి ఇస్తామన్నా, మొదటిసారి అడగ్గానే ఒప్పుకోను. రెండుసార్లు వద్దంటాను. మూడోసారి కూడా అడిగితే, అప్పుడు ఉమనడిగి చెబుతాను.